సర్కారు బడి టీచరు పనిని తూచే ముందు: బెంగళూరు తెలుగు తల్లిదండ్రులకు

మా వీధి మహదేవపుర పక్కన ఉంది. ఇక్కడ ఎక్కువమంది మనవాళ్లే. కదిరి, రాయచోటి, మదనపల్లె, పుంగనూరు వైపు నుంచి వచ్చి మేస్త్రీ పనికి, ఆటోకి, అపార్ట్‌మెంట్లలో వంటపనికి, వాచ్‌మన్ కొలువుకి కుదురుకున్నారు. పిల్లలు దగ్గర్లోని సర్కారు బడికి పోతారు. నేను కదిరి వైపు విద్యాశాఖ ఆఫీసులో క్లర్కుగా చేసి రిటైరయ్యాను. టీచర్ల జీతాల బిల్లులు, ఎస్సార్ పుస్తకాలు (ఉద్యోగి సర్వీసు వివరాలు రాసే రిజిస్టర్లు), ఇంక్రిమెంట్లు, అరియర్సు, ఉద్యోగమంతా వీటితోనే గడిచింది. ఇప్పుడు కూతురి దగ్గరున్నాను, మనవడు ఇక్కడి బడిలోనే చదువుతున్నాడు. అందుకని బడి సంగతి ఏదొచ్చినా నా దగ్గరికే వస్తారు.

"అవ్వా, ఆ టీచరమ్మకి జీతమెంత?" అన్నది వాళ్ల మొదటి ప్రశ్న. "మావాడు ఐదో తరగతికొచ్చినా కూడికలు రావు, ఎవరికి చెప్పుకోవాల?" అన్నది రెండోది. రెండూ న్యాయమైనవే. కానీ వాటి మధ్యలో అడగాల్సినవి ఇంకా ఉన్నాయి. బడిలో ఉండాల్సినంతమంది టీచర్లు ఉన్నారా? ఉన్నవాళ్లకు ఏ శిక్షణ ఇచ్చారు? పాఠం చెప్పడం కాక ఇంకేం పనులు చేయిస్తున్నారు? ఇవి అడక్కుండా టీచరు మీదికి పోతే, పోస్టు నింపనివాళ్లు హాయిగా ఉంటారు, ఎదురుగా కనబడే మనిషి మాటపడుతుంది, పిల్లవాడి కూడికలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. టీచరు పనిని తూచే హక్కు తల్లిదండ్రులకు ఉంది. దాన్ని సరైన వరసలో వాడుకోవాలని నా తాపత్రయం.

ఏ సంగతి ఏ కాగితంలో ఉంటుంది

"చట్టంలో అట్లా ఉంది" అని ఎవరన్నా అంటే ఏ చట్టంలోనో అడగండి. టీచర్ల సంగతులు ఒకే చోట లేవు.

మీ చేతిలో ఉండాల్సింది 2009 నాటి విద్యాహక్కు చట్టం. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. అందులో 23 నుంచి 28 వరకు ఉన్న ఆరు సెక్షన్లు టీచర్ల గురించి. 23 అర్హతలు, 24 విధులు, 25 పిల్లలకు ఎంతమంది టీచర్లు, 26 ఖాళీలు, 27 బడి కాని పనులు, 28 ట్యూషన్లు. చివర్న ఒక షెడ్యూలు ఉంటుంది, దాన్నీ కలిపి ప్రింటు తీయించుకోండి. నాలుగైదు పేజీలకు మించదు.

ఆ చట్టంలో జీతం ఇన్ని రూపాయలని ఎక్కడా లేదు. జీతభత్యాలు నియమాల ప్రకారం ఉంటాయని 23వ సెక్షను మూడో ఉపసెక్షను అంటుంది, అంతే. కాబట్టి జీతం కోసం రాష్ట్ర ప్రభుత్వ వేతన ఉత్తర్వులు చూడాలి. శిక్షణ సంగతులు బనశంకరిలో ఉన్న రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ శాఖ డి.ఎస్.ఇ.ఆర్.టి. చూస్తుంది. టీచరు మీద శిక్ష, విచారణ అయితే 1957 నాటి కర్ణాటక సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమాలు.

మన ఊళ్లో విన్న డి.ఎస్.సి., పి.ఆర్.సి. జీవోలు ఇక్కడ చెల్లవు. మనకు మండల విద్యాధికారి ఎం.ఇ.ఒ. ఉన్నట్టు ఇక్కడ బ్లాకు విద్యాధికారి బి.ఇ.ఒ., జిల్లాకు డి.ఇ.ఒ. ఉన్నట్టు డి.డి.పి.ఐ. బెంగళూరు నగర జిల్లాకి ఉత్తర, దక్షిణ అని ఇద్దరు డి.డి.పి.ఐ.లు ఉంటారు, మీ బడి ఎవరి కిందికి వస్తుందో హెడ్మాస్టరునే అడగండి. మన విద్యా కమిటీ లాంటిది ఇక్కడ ఎస్.డి.ఎం.సి., అంటే బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీ. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగంమంది ఆడవాళ్లు ఉండాలని చట్టం 21వ సెక్షను చెబుతోంది. మనవాళ్లు "మనకెందుకులే, భాష రాదు" అని దూరంగా ఉంటారు. మీరు ఓటరా, కన్నడం వచ్చా అని చట్టం అడగలేదు. బిడ్డ ఆ బడిలో చదివితే చాలు, మీరు నిలబడొచ్చు.

తలకాయల లెక్క

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. దీనికి ఒక సాయంత్రం కేటాయించండి.

ప్రతి బడికీ 11 అంకెల యుడైస్ కోడు ఉంటుంది. కర్ణాటక బడులవి 29తో మొదలవుతాయి. హెడ్మాస్టరు గదిలో బోర్డు మీద రాసి ఉంటుంది, లేదంటే అడిగితే చెబుతారు. యుడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఆ కోడు కొడితే బడి రిపోర్టు కార్డు వస్తుంది. ఏ తరగతిలో ఎంతమంది పిల్లలు, టీచర్లు ఎంతమంది, గదులెన్ని, మరుగుదొడ్లెన్ని, అన్నీ ఉంటాయి. పైన ఏ సంవత్సరం లెక్కో చూసుకోండి, తాజాది కాకపోతే ఈ ఏటి సంఖ్యలు బడిలో అడిగి పక్కన రాసుకోండి.

తర్వాత షెడ్యూలు తీయండి. ఒకటి నుంచి ఐదు తరగతుల్లో 60 మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు. 61 నుంచి 90 దాకా ముగ్గురు. 91 నుంచి 120 దాకా నలుగురు. 121 నుంచి 200 దాకా ఐదుగురు. 150 దాటితే ఆ ఐదుగురికి తోడు హెడ్మాస్టరు వేరేగా ఉండాలి. 200 దాటితే ఒక టీచరుకు 40 మందికి మించకూడదు, ఆ లెక్కలో హెడ్మాస్టరును కలపకూడదు.

ఆరు నుంచి ఎనిమిది వరకు లెక్క వేరు. తరగతికి ఒక్కరన్నా ఉండాలి. సైన్సు, లెక్కలకు ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరి. ప్రతి 35 మందికీ ఒక టీచరు. 100 మంది దాటితే పూర్తికాలపు హెడ్మాస్టరు, పైగా బొమ్మలకు, ఆటలు ఆరోగ్యానికి, చేతిపనికి పార్ట్‌టైము వాళ్లు.

ఉదాహరణకు మీ బడిలో ఐదో తరగతి దాకా 112 మంది ఉన్నారనుకోండి. నలుగురు ఉండాలి. ముగ్గురే ఉంటే ఒకరు తక్కువ. ఇప్పుడు 26వ సెక్షను చదవండి: బడికి మంజూరైన పోస్టుల్లో పది శాతం కంటే ఎక్కువ ఖాళీ ఉంచకూడదు. నాలుగు పోస్టుల్లో ఒకటి ఖాళీ అంటే 25 శాతం. చిన్న బడిలో ఒక్క పోస్టు ఖాళీ పడినా ఆ సెక్షను దాటిపోయినట్టే.

ఇక్కడ రెండు మాటలు వినబడతాయి. మొదటిది, "మా తాలూకాలో సగటు బాగానే ఉందమ్మా." 25వ సెక్షను సగటు అనలేదు, ప్రతి బడిలోనూ అని అంది. ఆ మాటను వేలు పెట్టి చూపించండి. రెండోది, "పోస్టు నిండే ఉంది." పోస్టు కాగితంలో నిండి, మనిషి వేరే చోట పనిచేస్తూ ఉండొచ్చు. ఇక్కడ దాన్ని నియోజనె అంటారు, మన వైపు డిప్యుటేషను. జీతం ఈ బడి ఖాతాలో, పని ఇంకో ఆఫీసులో. జీతాల బిల్లు రాసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, బిల్లులో పేరు ఉన్నంతమాత్రాన తరగతిలో మనిషి ఉన్నట్టు కాదు. అందుకే మూడు సంఖ్యలు విడివిడిగా అడగాలి: మంజూరైనవి, భర్తీ అయినవి, ఈ రోజు బడిలో పాఠం చెబుతున్నవాళ్లు. అతిథి ఉపాధ్యాయులు ఉంటే వాళ్లను నాలుగో సంఖ్యగా రాసుకోండి, మొదటి మూడింట్లో కలపొద్దు.

మా వీధిలో రాయచోటి నుంచి వచ్చిన ఒక కడ్డీ పనివాడు, కూతురి నోటు పుస్తకాలు నెలలుగా దిద్దలేదని కోపంగా వచ్చాడు. టీచరు మీద అర్జీ రాసిమ్మన్నాడు. ముందు ఈ లెక్క వేయించాను. ఆవిడ నాలుగు, ఐదు తరగతులు రెండూ కలిపి చెబుతూ, హెడ్మాస్టరు లేక ఆ ఇన్‌ఛార్జి పనీ చూస్తోంది. అర్జీ రాశాం, కానీ ఖాళీ పోస్టు మీద, ఎస్.డి.ఎం.సి. తీర్మానంతో. ఒక అతిథి టీచరు వచ్చింది. ఆ తర్వాత నోటు పుస్తకాల సంగతి అడిగాడు, అప్పుడు అడగడానికి ఆయనకు నోరుంది, వినడానికి ఆవిడకు తీరిక ఉంది.

బడి కాని పనులు

27వ సెక్షను మూడు పనులే చెప్పింది. పదేళ్లకోసారి వచ్చే జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పని. ఇవి కాక చదువుకు సంబంధం లేని పనులకు టీచర్లను పంపకూడదు. ఎన్నికల పని కూడా, మామూలుగా సెలవు రోజుల్లో, పాఠాలు లేని రోజుల్లో చేయించాలని సుప్రీంకోర్టు 2007లో సెయింట్ మేరీస్ స్కూలు కేసులో చెప్పింది.

2025 సెప్టెంబరు 22న కర్ణాటకలో వెనుకబడిన తరగతుల కమిషను సామాజిక, విద్యా సర్వే మొదలుపెట్టినప్పుడు ఇల్లిల్లూ తిరిగినవాళ్లలో ఎక్కువమంది సర్కారు టీచర్లే. దసరా సెలవులు అక్టోబరు 18 దాకా పొడిగించారు. సర్వే మంచిదా కాదా అన్నది వేరే చర్చ. తల్లిదండ్రులు అడగాల్సింది ఏమంటే, పోయిన రోజులు ఎట్లా పూడ్చారని. ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1000 గంటలు షెడ్యూలులో ఉన్నాయి. జనాభా లెక్కల అసలు గణన 2027 ఫిబ్రవరిలో ఉంది, అంటే పరీక్షలకు ముందు. అది చట్టం ఒప్పుకున్న పనే కాబట్టి వద్దనలేం. ఆ నెలలో తరగతులు ఎవరు చూస్తారో మాత్రం ఎస్.డి.ఎం.సి. ముందే అడిగి మినిట్స్‌లో రాయించాలి.

కేంద్రం 2010లో ఇచ్చిన నియమాల్లో, టీచర్ల మీద ఇట్లాంటి పనులు పడకుండా చూడడం కమిటీ బాధ్యతల్లో ఒకటి. టీచర్ల గోడు మొదట వినాల్సింది కూడా కమిటీయే. మనం టీచర్ని ప్రశ్నించడానికే కమిటీలో కూర్చోలేదు. ఈ రెండో పని మొదలుపెట్టిన కమిటీతో టీచర్లు మనసు విప్పి మాట్లాడతారు.

ఇప్పుడు పనిని తూచండి

24వ సెక్షను టీచరు చేయాల్సినవి చెబుతుంది. వేళకు, క్రమం తప్పకుండా రావాలి. పాఠ్యాంశాలు గడువులోగా పూర్తి చేయాలి. ప్రతి పిల్లవాడి నేర్చుకునే స్థాయి చూసి, అవసరమైతే అదనంగా చెప్పాలి. తల్లిదండ్రులతో తరచూ సమావేశమై హాజరు, చదువు, ఎదుగుదల గురించి చెప్పాలి. వారానికి 45 గంటల పని, అందులో పాఠం సిద్ధం చేసుకునే సమయం కూడా కలిసే ఉంటుంది.

తల్లిదండ్రుల సమావేశం దయతో పెట్టేది కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. పెట్టకపోతే అడగండి. పెట్టినప్పుడు మాత్రం పని మానుకునైనా పోండి, కనీసం ఇంట్లో ఒకరు.

అక్కడ "మావాడు బాగా చదువుతున్నాడా?" అని అడిగితే "పరవాలేదు" అన్న జవాబు వస్తుంది. దానివల్ల లాభం లేదు. ఇట్లా అడగండి: వీడు ఈ తరగతి పుస్తకంలో ఒక పేరా తనంతట తాను చదువుతాడా? రాకపోతే ఏ తరగతి పుస్తకం చదవగలడు? వీడికి అదనంగా ఏ రోజు, ఎంతసేపు చెబుతారు? ఇంట్లో మేమేం చేయాలి? వచ్చే సమావేశం నాటికి ఏం రావాలి? జవాబులు పుస్తకంలో తేదీ వేసి రాసుకోండి. మళ్లీ పోయినప్పుడు ఆ పేజీ తెరిచి అక్కడి నుంచే మొదలుపెట్టండి. టీచరు పని కూడా అందులోనే తెలిసిపోతుంది. పిల్లవాడి స్థాయి కచ్చితంగా చెప్పగలిగిన టీచరు పని చేస్తున్న టీచరే.

మన పిల్లల విషయంలో ఇంకొకటి చూడాలి. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పిల్లవాడికి లెక్క రాకపోవడమా, లెక్కలో అడిగిన మాట అర్థం కాకపోవడమా? ఈ తేడా టీచరుతో కలిసి తేల్చుకోండి. అదే లెక్క ఇంట్లో తెలుగులో అడిగి చూసి, ఫలితం పోయి చెప్పండి. ఆ సమాచారం టీచరుకి మీ దగ్గర్నుంచి తప్ప ఇంకెక్కడా దొరకదు. ఊరు మారి మధ్యలో బడి మానేసిన పిల్లలైతే 4వ సెక్షను ఉంది. వయసుకు తగ్గ తరగతిలోనే చేర్చుకుని, తోటివాళ్లను అందుకునేలా ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. కేంద్ర నియమాల ప్రకారం అది కనీసం మూడు నెలలు, అవసరమైతే రెండేళ్ల దాకా. అక్షరాలు రాకుండా ఐదో తరగతిలో కూర్చున్న పిల్లవాణ్ని చూపించి ఐదో తరగతి టీచర్ని దోషి అనడం అన్యాయం. ఆ ప్రత్యేక శిక్షణ ఏదని బడినీ, శాఖనూ అడగడం న్యాయం.

శాఖ చేసే అంచనా వేరేగా ఉంటుంది. ఎన్.సి.ఇ.ఆర్.టి. తయారు చేసిన పిండిక్స్ అనే పద్ధతిలో ఏడు అంశాలున్నాయి: పాఠం రూపకల్పన, సబ్జెక్టు జ్ఞానం, బోధన తీరు, పిల్లలతోనూ తల్లిదండ్రులతోనూ సంబంధాలు, వృత్తిలో ఎదుగుదల, బడి అభివృద్ధిలో పాత్ర, హాజరు. ఒక్కో సూచికకూ ఒకటి నుంచి నాలుగు దాకా పాయింట్లు. టీచరు మొదట తనను తానే వేసుకుంటుంది. పిల్లల మార్కులు ఒక్కటే చూసి వేసే లెక్క కాదు ఇది, నాకు నచ్చింది కూడా అదే. సబ్జెక్టు జ్ఞానం మనం తూచలేం. సంబంధాలు, హాజరు, దిద్దిన పుస్తకాలు మనకు కనబడతాయి. కనబడినదే రాయండి.

పై అధికారి ఏటా రాసే పనితీరు నివేదిక మాత్రం మనకు ఇవ్వరు. ఒక ఉద్యోగి సర్వీసు రికార్డులు, అంచనాలు వ్యక్తిగత సమాచారం కిందికి వస్తాయని, విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే తప్ప ఇవ్వక్కర్లేదని 2012లో గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అదే కోర్టు 2008లో దేవ్‌దత్ కేసులో, నివేదికలో ఏం రాసినా, మంచయినా చెడయినా, ఆ ఉద్యోగికి తెలియజేయాలంది. చాలామంది టీచర్లకే ఈ సంగతి తెలియదు. మీకు తెలిసిన టీచరుంటే చెప్పండి.

శిక్షణ, టెట్

2020 జాతీయ విద్యావిధానం ప్రతి టీచరుకీ ఏడాదికి కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. అది విధానం, చట్టం కాదు, కానీ అడగడానికి ఆధారం. 2019లో మొదలైన నిష్ఠా శిక్షణ, దీక్షా యాప్‌లో కోర్సులు, జిల్లా టీచర్ల శిక్షణ సంస్థ డైట్‌లోనూ క్లస్టరులోనూ జరిగే తరగతులు, అన్నీ ఇందులోకి వస్తాయి. కమిటీలో మూడు సంగతులు తెలుసుకుంటే చాలు. ఏ శిక్షణకు పోయారు, ఆ రోజుల్లో తరగతి ఎవరు చూశారు, తిరిగొచ్చాక పాఠంలో ఏం మార్చారు. మూడోది నెమ్మదిగా, కుతూహలంతో అడగండి. "ఈ కొత్త పద్ధతిలో మా పిల్లకి భిన్నాలు ఎట్లా చెబుతారో ఒకసారి చూపించండి మేడమ్" అంటే సంతోషంగా చూపించిన టీచర్లను నేను చూశాను.

టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) గురించి వీధిలో వదంతులు ఎక్కువ. ఉన్న సంగతి ఇది. సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న ఇచ్చిన తీర్పు ప్రకారం, ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పే టీచర్లలో రిటైర్మెంటుకు ఐదేళ్లకంటే ఎక్కువ ఉన్నవాళ్లు, విద్యాహక్కు చట్టానికి ముందు చేరినా సరే, రెండేళ్లలోగా టెట్ పాసవాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు టెట్ లేకుండానే కొనసాగవచ్చు, పదోన్నతి కావాలంటే మాత్రం రాయాలి. మైనారిటీ విద్యాసంస్థల సంగతిని పెద్ద బెంచికి పంపారు. కొన్ని రాష్ట్రాలు పునఃపరిశీలన కోరాయి, కాబట్టి తాజా ఉత్తర్వు ఏముందో చూసుకున్నాకే మాట్లాడండి. "ఆ టీచరుకి టెట్ లేదంట" అని గేటు దగ్గర మాట పుట్టించడం ఎవరికీ మంచిది కాదు. పాతికేళ్లు చెప్పిన మనిషి ఇప్పుడు 150 ప్రశ్నల పరీక్షకు కూర్చోవాల్సి వచ్చిందంటే, ఆ గడువులో ఆమెకు చదువుకునే వ్యవధి దొరికేలా చూడడం కూడా బడి మేలుకోరేవాళ్ల పనే.

జీతం

ఇది నా సొంత శాఖ. అందుకని కొంచెం గట్టిగానే చెబుతాను.

కర్ణాటకలో ఏడో వేతన సంఘం సిఫార్సులు 2024 ఆగస్టు 1 నుంచి చేతికి అందాయి. ఉద్యోగుల కనిష్ఠ మూలవేతనం 17,000 నుంచి 27,000 అయింది. టీచర్ల స్కేలు దానికి పైన ఉంటుంది. మూలవేతనం మీద డి.ఎ., ఇంటద్దె భత్యం కలుస్తాయి, బెంగళూరులో ఇంటద్దె భత్యం ఎక్కువ శాతం. అందులోంచి బీమా, పన్ను, 2006 ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ చేరినవాళ్లయితే ఎన్.పి.ఎస్. (జాతీయ పింఛను పథకం) వాటా పోతాయి. మొత్తం జీతం వేరు, చేతికొచ్చేది వేరు. ఒకే తరగతి చెప్పే ఇద్దరు టీచర్ల జీతాల్లో పెద్ద తేడా కనబడితే అది సర్వీసు తేడా. పని తేడా అనుకోవద్దు.

పని చెయ్యకపోతే జీతం కొయ్యమంటారు మనవాళ్లు. ఇంక్రిమెంటు ఆపడం ఒక శిక్ష. దానికి నోటీసు, వివరణ, అవసరమైతే విచారణ ఉండాలి. అందులో సంచిత ప్రభావంతో ఆపడం అనేది ఒకటుంది. ఆ ఇంక్రిమెంటు మళ్లీ రాదు. తర్వాతి ప్రతి ఇంక్రిమెంటూ, ప్రతి డి.ఎ.నూ, చివరికి పింఛను కూడా తగ్గిన మొత్తం మీదే లెక్క కడతారు. చూడ్డానికి చిన్న సంఖ్య, ఇరవై ఏళ్లలో లక్షలవుతుంది. అట్లాంటి ఎంట్రీలు ఎస్సార్‌లో నా చేత్తో రాశాను. అర్హులకు పడినవీ ఉన్నాయి, వివరణ కూడా వినకుండా పడి, తర్వాత అప్పీలులో కొట్టేసినవీ ఉన్నాయి. కొట్టేసినప్పుడు అసలు తప్పు కూడా కొట్టుకుపోయింది. అందుకే ఫిర్యాదు రాసేటప్పుడు శిక్ష ఏదో మీరు రాయొద్దు. తేదీలు, జరిగినవి రాయండి. మిగతాది నియమాలు చూసుకుంటాయి.

నా మనసును ఎక్కువ కష్టపెట్టేది అతిథి ఉపాధ్యాయుల సంగతి. వాళ్లకు స్కేలు లేదు, ఇంక్రిమెంటు లేదు, వేసవి జీతం లేదు. నెలకింత అని గౌరవధనం, అదీ ఆలస్యంగా వచ్చిన సందర్భాలున్నాయి. 2016లో జగ్‌జీత్ సింగ్ కేసులో, రెగ్యులరు వాళ్లతో సమానమైన పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు ఆ స్కేలులో కనిష్ఠ వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2019లో బీహారు కాంట్రాక్టు టీచర్ల కేసులో మాత్రం, నియామక పద్ధతి వేరన్న కారణంతో సమాన జీతం ఒప్పుకోలేదు. కాబట్టి న్యాయం ఇంకా తేలలేదు. తేలేలోగా కమిటీ చేయగలిగిందొకటుంది: గౌరవధనం ఏ నెల దాకా వచ్చిందో ప్రతి సమావేశంలోనూ అడిగి, బకాయి ఉంటే తీర్మానం చేసి బి.ఇ.ఒ.కి పంపడం. ఆ టీచరు తనకు తానుగా అడిగితే వచ్చే ఏడాది పిలవరేమోనని భయపడుతుంది. తల్లిదండ్రులకు ఆ భయం లేదు.

కాగితం పెట్టేటప్పుడు

మాటతో పని జరక్కపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టండి. కర్ణాటక నియమాల ప్రకారం ఒక అర్జీలో ఒకే విషయం, 150 పదాలకు మించకూడదు. రుసుము పది రూపాయలు, పోస్టలార్డరు సరిపోతుంది, బి.పి.ఎల్. కార్డు ఉంటే రుసుము లేదు. బి.ఇ.ఒ. ఆఫీసు సమాచార అధికారికి పంపండి, కన్నడంలో గానీ ఇంగ్లీషులో గానీ. వాళ్ల దగ్గర లేని సమాచారమైతే ఐదు రోజుల్లోగా సంబంధిత ఆఫీసుకు వాళ్లే పంపాలి. జవాబుకు గడువు 30 రోజులు.

విషయం ఇట్లా పెట్టండి: "ఫలానా బడి, ఫలానా యుడైస్ కోడు, ఈ విద్యా సంవత్సరపు టీచరు పోస్టులు." కింద నాలుగు ప్రశ్నలు. మంజూరైన పోస్టులు సబ్జెక్టు వారీగా ఎన్ని? ఈ తేదీ నాటికి భర్తీ అయినవి ఎన్ని? నియోజనె మీద వేరే చోట పనిచేస్తున్నవారు ఎందరు, ఆ ఉత్తర్వుల నకళ్లు? అతిథి ఉపాధ్యాయులు ఎందరు, గౌరవధనం ఏ నెల వరకు చెల్లించారు? శిక్షణల సంగతికి వేరే అర్జీ పెట్టాలి. ఏ టీచరు పేరూ రాయొద్దు, పేరు రాస్తే వ్యక్తిగతమని తిప్పి పంపుతారు. ఎందుకు ఖాళీగా ఉంచారు అని కూడా అడగొద్దు. రికార్డులో ఉన్నదే ఇస్తారు, కారణాలు చెప్పరు.

30 రోజుల్లో జవాబు రాకపోతే, లేదా సగం జవాబే వస్తే, మరో 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు. అక్కడా కాకపోతే 90 రోజుల్లోగా కర్ణాటక సమాచార కమిషనుకు.

పిల్లవాణ్ని కొట్టడం, అవమానించడం లాంటివి జరిగితే ఈ వరస ఏదీ వద్దు. 17వ సెక్షను దాన్ని నిషేధించింది. అదే రోజు హెడ్మాస్టరుకు రాసివ్వండి, గాయముంటే ఆస్పత్రి చీటీ తీసుకోండి, బి.ఇ.ఒ.కి కాపీ పెట్టండి. డబ్బు తీసుకుని ట్యూషను చెబుతుంటే 28వ సెక్షను. రాకపోవడం, చెప్పకపోవడం అయితే 24. ఏ సెక్షనో ఫిర్యాదు మొదటి వాక్యంలోనే రాస్తే కాగితం దారి తప్పదు.

ఫిర్యాదును చట్టం 32వ సెక్షను కింద స్థానిక సంస్థకు ఇవ్వాలి. ఒక కాపీ బి.ఇ.ఒ. ఆఫీసులో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర లేకుండా ఇంటికి రావద్దు. రెండు వైపులా విని మూడు నెలల్లో తేల్చాలని ఆ సెక్షను చెబుతోంది. తేల్చకపోయినా, తేల్చింది సరిగా లేదనిపించినా, ఆ ముద్ర పడిన కాపీ, తలకాయల లెక్క కాగితం, సమావేశాల్లో రాసుకున్న పుస్తకం జెరాక్సులు జతచేసి కర్ణాటక రాష్ట్ర బాలల హక్కుల రక్షణ కమిషనుకు అప్పీలు చేసుకోవచ్చు. కన్నడంలో రాయించుకోవడానికి ఎవరూ దొరక్కపోతే మీ పిల్లలనే అడగండి. ఎనిమిదో తరగతి పిల్ల చక్కగా రాసిపెడుతుంది.